గుండీల గదిలో అట్టముక్క

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం,
గుండీల గది.

చిరంజీవి మా పొట్టిగుండీకి,

వదిన ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమానికి రాయగలవు అనడం మర్యాద కాబట్టి అన్నాను. నిజం చెప్పాలంటే ఇక్కడ మేమేం అంత క్షేమంగా లేం, నువ్వూ లేవని నీ స్నేహితురాలు చెప్పింది. నువ్వేమో ఫోనెత్తవు. పదకొండేళ్ళుగా పోస్టులో గుండీలు పంపి బతుకుతున్న ఇల్లు మనది, ఒక ఉత్తరం రాయడానికి నాకేం మొహమాటం?

తిట్టడానికి రాస్తున్నానని భయపడకు. తిట్లన్నీ మీ అన్నయ్య మీద ఖర్చయిపోయాయి. నువ్వు వెళ్ళిపోయిన ఈ ఐదు వారాలూ ఆయన బస్సు డిపోలో డ్యూటీ దిగి వచ్చి నాకు సాయం చేస్తున్నాడు. ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించే మనిషికి ఒక గుండీ వేళ్ళతో పట్టుకోవడం రాదని ఇప్పుడు తెలిసింది. గ్రోసంటే పన్నెండు డజన్లని నాలుగుసార్లు చెప్పాను. తెలుపుకీ మీగడరంగుకీ తేడా ఏమిటని నాతో వాదన. ఇక ఆయన కట్టిన మూట విప్పాలంటే రంపం కావాలి. నెలనెలా మన దగ్గర కోటు గుండీలు తెప్పించుకునే ముసలి టైలరుగారు కార్డు రాశారు, ఈసారి మూట కట్టింది అమ్మాయి కాదని ముడి చూడగానే తెలిసింది, అమ్మాయికి ఒంట్లో బాగుందా అని. ఆ కార్డు చదివి మీ అన్నయ్య రోజంతా మూతి ముడుచుకు కూచున్నాడు.

జరిగినదాని గురించి మనిద్దరం ఒక్కమాట కూడా అనుకోలేదు. నువ్వు చీటీ పెట్టి వెళ్ళావు, నేను చీటీ చదివాను, అంతే. అందుకని ఇప్పుడు నేనే మొదలుపెడతాను.

మా అమ్మ కంటి ఆపరేషనని నేను మూడురోజులు ఊళ్ళో లేను. సరిగ్గా ఆ మూడురోజుల్లోనే హాస్టల్ వార్డెనట, ఒక ఉత్తరం వచ్చింది. పిల్లల చొక్కాలకి ముప్ఫై గ్రోసుల తెల్ల గుండీలు కావాలన్నాడు. వెంట చెక్కు. అందులో మన బిల్లుకంటే చాలా ఎక్కువ మొత్తం ఉంది. మా గుమాస్తా పొరపాటు పడ్డాడమ్మా, పాపం వాడి ఉద్యోగం పోతుంది, సరుకు తీసుకెళ్ళే మనిషి చేతికే మిగతాది ఇచ్చి పంపు అని ఫోన్లో బతిమాలాడు. నువ్వు గుమాస్తా గురించి జాలిపడ్డావు. గుండీలు పెట్టుకోవడానికి ముందుగది అద్దెకి తీసుకుందామని అడ్వాన్సు కోసం దాచిన డబ్బు తీసి ఇచ్చేశావు. వారం తిరక్కుండా చెక్కు వెనక్కొచ్చింది. హాస్టలూ లేదు, వార్డెనూ లేడు, ఉద్యోగం పోయే గుమాస్తా అసలే లేడు.

డబ్బు సంగతి వదిలెయ్. ముందుగది ఇంకో ఏడాది ఆగుతుంది, ఇన్నాళ్ళూ వెనకగదిలో గుండీలేం మొలకలెత్తలేదుగా. నన్ను కుదిపేసింది నీ చీటీ. బల్లకెదురుగా గోడమీద వదిన రాసిపెట్టిన మాటే నేను చదువుకోలేకపోయాను, అంత తెలివైన మనిషి పక్కన నాలాంటి దద్దమ్మ ఉండకూడదు అని రాశావు. ఆ దద్దమ్మ అన్న మాట దగ్గర పెన్ను ఎంత గట్టిగా నొక్కావంటే కాగితం చిరిగింది.

ఇప్పుడు కూడా ఆ అట్టముక్క నా ఎదురుగానే ఉంది. గుండీల పెట్టె మూత చించి, నీలం సిరాతో మోసపోకుండా ఎనిమిది జాగ్రత్తలు నంబర్లేసి రాసి నేను మేకు కొట్టిన అట్ట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మీ అన్నయ్య దాన్ని చూపించి, మా ఆవిడ కళ్ళల్లో ఎక్స్‌రే ఉంది, దీన్ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు అని గొప్పలు పోతుంటాడు. నువ్వు స్కూల్లో చదివేటప్పుడు ఒకసారి అడిగావు, ఇవన్నీ నీకెలా తెలుసు వదినా అని. తెలివుంటే అన్నీ తెలుస్తాయని నీ నెత్తిమీద మొట్టాను.

తెలివి సంగతేమోగానీ అట్టమాత్రం పనికొస్తోంది. మొన్న ఒకాయన ఫోన్ చేసి రెండొందల గ్రోసులు అర్జెంటుగా కావాలన్నాడు. ఏ రంగు అన్నాను. మీ ఇష్టమన్నాడు. రెండు కన్నాలవా నాలుగు కన్నాలవా అంటే ఎన్నైనా పర్వాలేదన్నాడు. ముందు మన ఖాతా వివరాలు చెబితే డబ్బు పంపేస్తాడట. శాంపిలు గుండీ ఒకటి పోస్టులో పంపండి, చూసి మాట్లాడదాం అన్నాను. మళ్ళీ ఫోన్ లేదు. రంగు అడగనివాడు గుండీలు కొనేవాడు కాదని మూడో నంబరులో రాసే ఉంది. ఎన్నడూ అచ్చుకాని వ్యాపారుల డైరెక్టరీలో మన ప్రకటన వేశామని బిల్లు పంపేవాళ్ళు ఇప్పటికీ పంపుతున్నారు, వాటి వెనకవైపు నేను కూరల లెక్క రాసుకుంటున్నాను. పెట్టెలో సగమే వచ్చిందని ఒకావిడ దెబ్బలాటకొచ్చింది. మూట మూటకీ బరువు తూచి చీటీ అంటించడం మన అలవాటు కదా, ఆ బరువెంతో చెప్పి, మీ పోస్టాఫీసులో తూయించి చూడండమ్మా అన్నాను. మిగతా సగం మంచం కింద దొరికిందట.

నిజంగా కావలసినవాళ్ళ ఉత్తరం వేరేగా ఉంటుంది. పోయిన వారం ఒకమ్మాయి చిన్న కవరు పంపింది. లోపల ఒకే ఒక్క గుండీ, గోధుమరంగులో లోపలెక్కడో పచ్చటి చార. పోయిన వాళ్ళ నాన్నగారి కోటుదట. కోటుకి రెండు గుండీలు ఊడిపోయాయి, అలాంటివి దొరికితే తమ్ముడు వేసుకుంటాడు, తొందరేం లేదు, దొరక్కపోతే ఈ గుండీ మాత్రం జాగ్రత్తగా వెనక్కి పంపండి అని రాసింది. పదకొండు సొరుగులూ బల్లమీద గుమ్మరించి వెతికాను. దగ్గరదగ్గరగా ఉన్నవి ఏడు దొరికాయి. ఏదీ అది కాదు. మీ అన్నయ్యకి ఏడూ అచ్చం అలాగే కనిపించాయి. కిటికీ దగ్గర కూచుని, గుండీని గోటిమీద పెట్టి వెలుతురుకి తిప్పి, ఇది కాదు వదినా, ఇదీ కాదు, ఇదిగో ఇది అనే నీ కళ్ళు కావాలి. అవి నాకు లేవు, ఎప్పుడూ లేవు.

జత దొరికేదాకా శాంపిలు గుండీ ఇల్లు దాటకూడదన్నది ఎనిమిదో నంబరు. దాన్ని నేనివాళ తప్పుతున్నాను. ఈ ఉత్తరంతోపాటు చిన్న కవరుంది చూడు, అందులో ఉన్నది ఆ గుండీయే. ఒకమ్మాయికి వాళ్ళ నాన్న జ్ఞాపకం. దాన్ని మళ్ళీ పోస్టులో వెయ్యొద్దు, నీ చేత్తో తీసుకొచ్చి దాని జత వెతికి పంపాలి. నువ్వు పనికి చేరిన ఆ జిరాక్సు షాపువాళ్ళు ఒకరోజు సెలవివ్వరా? ఆ తర్వాత ఉంటావో వెళ్తావో నీ ఇష్టం. ఉండమని మాత్రం అడుగుతున్నాను. నువ్వు లేని గది నాకు బాగోలేదు.

వేళకి తిను. జ్వరమొస్తే దాచకు.

ముడి వెయ్యడం నీ దగ్గరే నేర్చుకున్న
నీ వదిన

తా.క. ఉత్తరం కవర్లో పెట్టి మళ్ళీ తీశాను. అసలు మాట రాయకుండా మిగతావన్నీ రాశాను.

అట్టమీద ఉన్నవి తెలివితో రాసినవి కావు. ఎనిమిదీ నేను మోసపోయినవే. అప్పట్లో సగమే వచ్చిందన్న ఒక మనిషికి మూడుసార్లు సరుకు పంపాకే తక్కెడ కొన్నాను. అచ్చుకాని డైరెక్టరీకి రెండేళ్ళు డబ్బు కట్టాను. మోసపోయినప్పుడల్లా తలుపేసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని, ఒక నంబరు వేసి రాసేదాన్ని. చూసినవాళ్ళు తెలివనుకున్నారు, నేను కాదనలేదు.

నువ్వు చదువుకోలేకపోయానన్నావే, ఎక్కువ డబ్బు పంపి మిగతాది అడిగేవాడికి ఏమీ పంపకు అన్న రెండో నంబరు, అది నా గొలుసు. వ్యాపారం పెట్టిన మొదటి ఏడాది, ఒక టోపీల ఫ్యాక్టరీ పేరుతో అచ్చం ఇలాంటి చెక్కే వచ్చింది. మిగతాది వెనక్కివ్వడానికి చేతిలో డబ్బు లేక, అమ్మ పెట్టిన గొలుసు అమ్మేశాను. బస్సులో పోయిందని ఇంట్లో చెప్పాను. మీ అన్నయ్య డిపోలో మూడు బస్సుల సీట్లు విప్పించాడు. పన్నెండేళ్ళదానివి, టార్చి పట్టుకుని వాటి కిందంతా పాకావు. మోకాళ్ళ నిండా గ్రీజుతో వచ్చి, దొరకలేదు వదినా అని నువ్వే నాకు క్షమాపణ చెప్పావు. అప్పుడు చెప్పాల్సింది. దద్దమ్మననిపించుకోవడానికి భయపడి నోరు మూసుకున్నాను. నా ఆ భయం వల్లే నువ్వు ఇల్లు వదిలి వెళ్ళావని ఈ ఐదు వారాల్లో అర్థమైంది. నన్ను క్షమించు తల్లీ.

పొద్దున మీ అన్నయ్యకి కూడా చెప్పేశాను. ఆ మూడో బస్సు సీటు ఇప్పటికీ సరిగ్గా బిగుసుకోలేదు తెలుసా అన్నాడు. అని నా చేతిలో మూట తీసుకుని ముడి వెయ్యబోయాడు, నేను లాక్కున్నాను.

అట్టమీద తొమ్మిదో నంబరు వేసి ఖాళీగా ఉంచాను. అది నీ చేత్తో రాయాలి, నా ఎనిమిదింటి కింద. నీలం పెన్ను మేకుకి దారంతో కట్టిపెట్టాను, లేకపోతే మీ అన్నయ్య డిపోకి పట్టుకుపోతాడు.