పామాయిల్ తోటలో ఒక్కపూట నాయకుడు

నీ తప్పును మన పెద్దమ్మ సవరమ్మ మీద రాశావు, క్రాంతికుమార్. కాలేజీలో లీడర్‌షిప్ క్లాసు ప్రాజెక్టంటూ మేం కూలికి పోయే పామాయిల్ తోటకొచ్చి ఒక్కపూట నాయకుడివయ్యావు. గెల కోసే నేను కేకేసేదాకా చెట్టు కిందికి ఎవరూ పోరు. నువ్వేమో గడియారం చూసి, "జల్దీ పండ్లు ఏరు పెద్దమ్మా, నేను చెప్తున్న గదా!" అని ఆమెను చెట్టు కిందికి తోలావు. నేను కోస్తున్న గెల మీద పడి ఆమె భుజం విరిగింది.

మేనేజరుకిచ్చిన రిపోర్టులో మాత్రం "కూలీ, లీడర్ మాట వినలేదు" అని రాశావు. విన్నందుకే కదరా విరిగింది! అది చదివి ఆయన పెద్దమ్మను పనిలోంచి తీసేశాడు. తప్పును కిందివాళ్ల మీదికి తోయడానికి క్లాసెందుకు? మా మేస్త్రీకి బడికి పోకుండానే వచ్చు.

"ఏమనకు బిడ్డా, వాని మార్కులు పోతయ్" అంటోంది పెద్దమ్మ. పోతే పోనీ. నీ చేత్తో నిజం రాసి మేనేజరుకివ్వు. ఇచ్చావో లేదో శనివారంలోగా నాకు జవాబు రాయి.