ఆఫ్ చేసినా ఆగని కరెంటు

అక్టోబరు 24, 2005. సోమవారం.

ఇవాళ ఈ పుస్తకం మొదలుపెట్టడానికి కారణం ఒకటే. మాట్లాడనని మాటిచ్చాను. నిన్న సాయంత్రం రవళి నా మంచం మీద కూర్చుని, నానమ్మా, ఈ ఉద్యోగం విషయంలో నువ్వు నోరు విప్పకు, నువ్వు నా పక్షాన మాట్లాడితే నాన్నకి ఇంకా మొండిపట్టు పెరుగుతుంది, అంది. సరే అన్నాను. కాకినాడలో ఆడపిల్లల హైస్కూల్లో రిటైరయ్యేదాకా ఫిజిక్స్ చెప్పినదాన్ని. నోరు కట్టుకుని కూర్చోవడం చేతకాదు. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట పెట్టాలి.

లాబ్ రికార్డులాగా మొదటినుంచి రాస్తాను.

నా మనవరాలు ఈసీఈ చదివింది. ఈ అమీర్‌పేటలో ఉంటూ కూడా జావా నేర్చుకోని పిల్ల అదొక్కతే కావచ్చు. క్లాస్‌మేట్ అనుదీప్‌తో కలిసి సనత్‌నగర్‌లో వాడి మేనమామ షెడ్డులో మల్టీమీటర్లు చేస్తోంది. వోల్టేజీ, కరెంటూ కొలిచే చేతిమీటర్లు. హార్డ్‌వేర్ కోర్సులు చెప్పే చోట పిల్లలు వాటిని ఆఫ్ చేయడం మరిచిపోతారు, బాటరీలు ఊరికే అయిపోతాయి. దీని మీటరు పావుగంట ఎవరూ ముట్టుకోకపోతే తనంతట తనే ఆఫ్ అవుతుంది. బటన్ నొక్కితే లేస్తుంది. ఒక బాటరీతో ఒక కోర్సంతా నడుస్తుందని హామీ ఇచ్చింది. తొలి లాటు దసరా వెళ్లగానే మైత్రీవనం వెనక గల్లీలో హనుమత్ప్రసాద్ గారి ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చారు.

ఇవాళ ఆయన ఫోన్ చేశాడు. సగం మీటర్లలో బాటరీలు చచ్చిపోయాయట. ఇచ్చి పది రోజులు కాలేదు.

ఈ ఆర్డరు తిరిగొస్తే మీటర్లు మానేసి బేగంపేటలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరతానని రవళి వాళ్ల నాన్నకి ఒప్పుకుంది. మా అబ్బాయి రామ్మోహనరావే ఆ ఉద్యోగం చూశాడు. నవంబరు 7న చేరాలి.

నేను ఏమీ అనలేదు.


అక్టోబరు 25. మంగళవారం.

రవళికి తోడుగా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. తోడుగా మాత్రమే. గల్లీ మొదట్లో ముగ్గురు కుర్రాళ్లు నా చేతిలో పాంప్లెట్లు పెట్టారు. ఒకడు, అమ్మమ్మగారూ డెమో క్లాసు ఫ్రీ, అన్నాడు. ఒరాకిల్ అట. సిలబస్‌లో అచ్చుతప్పులున్నాయని చెప్పాను.

హనుమత్ప్రసాద్ గారు గుంటూరు మనిషి. మర్యాదకి లోటు లేదు, టీ తెప్పించాడు. మాట మాత్రం సూది. మీ మనవరాలు చెప్పినట్టే మీటరు దానంతటదే ఆఫ్ అవుతోందండీ, అబద్ధం లేదు, కాకపోతే బాటరీని కూడా తోడు తీసుకుపోతోంది, అన్నాడు. మా పాత మీటర్లు పిల్లల మతిమరుపుకి చచ్చేవి, మీవి బుద్ధిగా నిద్రపోతూ చస్తున్నాయి, అని కూడా అన్నాడు. రవళి తలదించుకుని రాసుకుంది.

చెడ్డవాడు కాదు. కొత్త బాచ్ నవంబరు 7న మొదలట. ఐదో తారీఖు శనివారంలోగా బాగుచేసి తెస్తే ఉంచుకుంటానన్నాడు. లేకపోతే అన్నీ వెనక్కే. చెడినవాటిని సంచుల్లో వేసుకుని వచ్చాం.


అక్టోబరు 26.

రవళి అన్నం సగం వదిలేసి లేచింది. కంచం తీసి కడిగాను.


అక్టోబరు 27. గురువారం.

మధ్యాహ్నం నుంచి వాన. పిల్లకి టిఫిన్ బాక్స్ ఇచ్చే నెపంతో ఆటోలో షెడ్డుకి వెళ్లాను.

అనుదీప్ స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. జర చూడు నానమ్మా, అని చూపించాడు. ఆఫ్ అయిన మీటరు కడుపులో కరెంటు ఎంత పారుతోందో కొలవడానికి ఇంకో మీటరు తగిలించారు. తెర ఖాళీగా ఉంది, మీటరు బొమ్మలాగా పడి ఉంది, లోపల మాత్రం కరెంటు సన్నగా కారుతూనే ఉంది. సరిగా కట్టని కుళాయిలాగా. ఆగస్టులో శాంపిల్‌గా చేసినవి రెండు మా ఇంట్లో ఉన్నాయి. అదే సర్క్యూట్. వాటిలో చుక్క కారడం లేదు.

బాటరీలు మార్చి చూశారు. ఐసీలు మార్చి చూశారు. లాటులో ఒక రెసిస్టర్ విలువ కొంచెం మార్చానని రవళికి గుర్తొచ్చి, పాతదే పెట్టి చూసింది. ఒక మీటరు బాగుంటుంది, పక్కది బాగుండదు. రెంటికీ తేడా కనబడదు. మధ్యాహ్నం ఒకలా, సాయంత్రం ఒకలా.

అనుదీప్ నవ్వించాలని చూశాడు. గీటికి దిష్టి తగిలింది నానమ్మా, నిమ్మకాయ కోసి నాలుగు దిక్కులు పారేస్తే సెట్ అయితది, ఫికర్ చెయ్యొద్దని నీ మనవరాలికి జర చెప్పు, అన్నాడు. సోల్డరింగ్ చేసే పోచమ్మ, ఊకో అన్నా, ఆమె ఏడ్చేటట్టున్నది, అని కసిరింది.

నిజంగానే ఏడ్చేలా ఉంది. నా డిజైనే నిలకడగా లేదు నానమ్మా, అంది. మనిషి తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, తప్పెక్కడుందో తెలియకపోతే ఏం దిద్దుకుంటుంది?


అక్టోబరు 29. శనివారం.

ఓడిపోయానని చెప్పేసింది. కాఫీ వేళ, వాళ్ల నాన్న పేపరు చదువుతుండగా, సోమవారం ఏడున చేరతాను నాన్నా, అంది. మా పంజాగుట్ట బాంక్‌లో అందరూ నన్ను అడుగుతున్నారమ్మా, మీ అమ్మాయి ఏం చేస్తోందని, ఇక నేను చెప్పుకోగలను, అన్నాడు. వాడి ముఖం వెలిగింది. మంచి మాటే అన్నాడు, తిట్టలేదు, దెప్పలేదు. ఆఫీసుకి పనికొచ్చే చెప్పులు కొనుక్కో అన్నాడు.

కొడుకు సంతోషపడితే తల్లికి కోపం రాకూడదు. వచ్చింది.

చెడిపోయిన మీటర్లన్నీ రెండు సంచుల్లో ఇంటికి తెచ్చేసింది. విడిభాగాలు తీసి అనుదీప్‌కి ఇస్తుందట.


అక్టోబరు 30. ఆదివారం.

ఎండ కాసింది. ఎల్లుండి దీపావళి. మా కోడలు నాగేశ్వరి టపాకాయలన్నీ బాల్కనీలో చాప మీద ఎండబెట్టింది. సంచులు నడవడానికి అడ్డంగా ఉన్నాయని మీటర్లు కూడా తీసి మతాబుల పక్కన వరసగా పేర్చింది. అదేమిటే అంటే, వానలకి అన్నీ చెమ్మగిల్లాయి అత్తయ్యా, ఉంటే ఉండనివ్వండి, కాకరపువ్వొత్తులకి లేని బాధ వీటికేం, అంది.

సాయంత్రం లోపల పెడుతూ రవళి అలవాటు కొద్దీ ఒకదాన్ని కొలిచింది. ఇంకోటి కొలిచింది. కరెంటు కారడం లేదు. దేంట్లోనూ. కొలిచే మీటరు పాడైందనుకుని విసుక్కుని పడుకుంది.


అక్టోబరు 31. ఉదయం.

తెల్లవారుజామున జల్లు పడింది. రవళి లేచి మళ్లీ కొలిచింది. కారుతున్నాయి.

మాట తప్పాను. తప్పక తప్పాను. సర్క్యూట్‌కి వాతావరణం తెలియదు కదే, అన్నాను.

కాకినాడలో వానాకాలం స్థిర విద్యుత్తు పాఠం చెప్పడం మహా నరకం. ఎబొనైట్ కడ్డీ ఎంత రుద్దినా కాగితం ముక్క లేవదు. కడ్డీ మీద కంటికి కనబడని తేమ పొర ఉంటుంది, పుట్టిన విద్యుదావేశమంతా దాని మీదుగా జారిపోతుంది. అందుకే ఆ పాఠం వేసవికి జరిపేదాన్ని. ఇది దానికి చెప్పాను. తేమ పట్టేది ఏదో లోపల ఉంది, తెరువు, అన్నాను.

నాలుగు స్క్రూలు తీసింది. కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశాను.

బోర్డు మీద, బటన్ దగ్గర, గుండ్రటి టంకం చుక్కలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెంటి మధ్య సరిగ్గా గంధం, గంధం మీద కుంకుమ. పద్ధతిగా, చక్కగా, ముత్తైదువకి పెట్టినట్టు.

ఇదేమిటే అన్నాను.

ఆయుధపూజ నాడు పెట్టింది. షెడ్డులో పనిముట్లన్నిటికీ బొట్లు పెడుతున్నారట. మీటర్లకీ పెట్టాలి కదా. బయట పెడితే ప్లాస్టిక్ మీద మరక పడుతుంది, హనుమత్ప్రసాద్ గారు ఏమంటారో. అందుకని డబ్బా మూయకముందు లోపల పెట్టిందట. బోర్డు మీద ఆ రెండు చుక్కలూ తనకి కనుబొమ్మల్లా కనబడ్డాయట. మధ్యలో పెట్టకుండా ఎలా ఉంటాను నానమ్మా, అంది.

రోజూ చూస్తూనే ఉంది. చెమ్మ పట్టిన గంధం మీదుగా ఆ చుక్క నుంచి ఈ చుక్కకి కరెంటు కారుతుందని, అదీ సర్క్యూట్‌లో భాగమేనని తట్టలేదు. బొట్టుని ఎవరు అనుమానిస్తారు?

అనుదీప్‌కి ఫోన్ చేశాం. సగం వాడే పెట్టాడు. ఎట్ల పెట్టినవని అడిగితే, ఏముంది, వేలు ముంచి ఏడ పడితే ఆడ కొట్టిన, నాకు ఆకలైతుండె, అన్నాడు. బాగా పనిచేస్తున్నవన్నీ వాడు పెట్టినవి. శ్రద్ధగా పెట్టినవన్నీ చచ్చాయి.

రవళి నేలమీద కూర్చుని నవ్వింది. ఎంతసేపటికీ ఆపలేదు. నాగేశ్వరి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, పిల్లకేమైంది అత్తయ్యా, అంది. డిజైన్ బాగుందే, అన్నాను.


నవంబరు 1. దీపావళి.

పని సులభమనుకున్నాం. స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టడమే. పంజాగుట్టలో ఒక్క మెడికల్ షాపు తెరిచి ఉంటే అనుదీప్ బండి మీద వెళ్లి తెచ్చాడు. షెడ్డులో లక్ష్మీపూజ ఉంది కనుక పోచమ్మ బోరబండ నుంచి వచ్చింది. మీటర్ల సంచులతో రవళి వెంట నేనూ వెళ్లాను.

తుడవడానికి ఇచ్చిన టూత్‌బ్రష్‌ని పోచమ్మ ముట్టుకోనంది. పండుగ నాడు బొట్టు తుడుస్తరా ఎవరన్నా, మా ఇంట్ల తెలిస్తే నన్ను రానియ్యరు, అంది. అనుదీప్, మీటర్లకు మొగుళ్లు ఉన్నరా పోచక్కా, అన్నాడు. బాటరీ ఉన్నది కదా, సస్తున్నది సుత అదే కదా, అని గట్టిగా తిప్పికొట్టింది. రవళి బ్రష్ తీసుకుంది, తీసుకుని అలాగే పట్టుకుంది. దానికీ చెయ్యి రాలేదు. రేపు చేద్దాం అంది. రేపైతే ఆరబెట్టి పరీక్షించడానికి వ్యవధి చాలదు.

బొట్టు తుడవడమంటే ఏమిటో ఆ గదిలో నాకంటే తెలిసినవాళ్లు లేరు. పోచమ్మ భయాన్ని చూసి నేను నవ్వలేను. అలాగని మీటర్లని చంపుకోలేం.

ఆలోచించి తీర్పు చెప్పాను. ముందు ప్రతి మీటరుకీ వెనక మూత లోపలివైపు కొత్తగా బొట్టు పెట్టండి. ప్లాస్టిక్‌లోంచి కరెంటు పారదు. అది ఆరాక పాతది తీయండి. అప్పుడు ఒక్క క్షణం కూడా ఏ మీటరూ బొట్టు లేకుండా ఉండదు. తుడిచినట్టు కాదు, చోటు మార్చినట్టు.

పోచమ్మ పూజ కుంకుమ భరిణె దగ్గరికి లాక్కుంది. గట్లయితే సరే అమ్మా, అంది. మూతలకి బొట్లు తనే పెట్టింది. మస్తు తెలివి నానమ్మా, కోర్టుల ఉండాల్సినవ్, అన్నాడు అనుదీప్. నీలాంటి వాళ్లకి ముప్పై ఐదు మార్కులు వేసి పాస్ చేసినదాన్ని, అన్నాను.

తుడిచినవి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి కొలిచారు. ఏమీ లేదు. ఇంకోటి. ఏమీ లేదు.


నవంబరు 3. గురువారం.

ఎండలో బాగుండటం ఒక లెక్క కాదు, తేమలో బాగుండాలి, అన్నాను. ఇంట్లో తేమ ఎక్కడుంటుంది? బాత్‌రూమ్‌లో. బకెట్ నిండా మరిగిన నీళ్లు పెట్టి, స్టూలు మీదా కిటికీ గట్టు మీదా మీటర్లు పేర్చి తలుపు మూసింది రవళి.

రామ్మోహనరావు తువ్వాలు భుజాన వేసుకుని బయట నిలబడ్డాడు. బాంక్ ఇన్‌స్పెక్షన్ ఉందమ్మా, కనీసం గడ్డమైనా గీసుకోనివ్వండి, అన్నాడు. ఆవిరి పోతుంది, ఆగు, అన్నాను. చివరికి పక్క ఫ్లాట్‌లో స్నానం చేసి వచ్చాడు. వాళ్ల సబ్బు వాసన వేస్తున్నాడు.

తలుపు తీశాక రవళి ఒక్కొక్కటే కొలుస్తోంది. వాడు బూట్లు వేసుకోవడం ఆపి చూశాడు. ఎంత చూపిస్తోందే, అని అడిగాడు. సున్నా నాన్నా. దీంట్లో? సున్నా. వాడే ఒకటి అందించాడు. అది కూడా సున్నాయే.

బూట్ల లేసులు కట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, ఆ తప్పు నీ సర్క్యూట్‌ది కాదన్నమాట, అన్నాడు.


నవంబరు 5. శనివారం.

హనుమత్ప్రసాద్ గారు ఉంచుకున్నారు.

బొట్టు సంగతి దాచవద్దని రవళికి నేనే చెప్పాను. దాస్తే రేపు ఇంకో బాటరీ పోయినప్పుడు నమ్మడు. విన్నాడు. నవ్వలేదు. తన బల్ల మీద కంప్యూటర్ చూపించాడు, మానిటర్ నుదుట అదే దసరా కుంకుమ. అమ్మా, మా సర్వర్ రూమ్‌లో కూడా కొబ్బరికాయ కొడతామండీ, నీళ్లు ఎటు పోతున్నాయో ఇవాళే వెళ్లి చూస్తాను, అన్నాడు.

కొత్త ఆర్డరు మాట ఎత్తలేదు. కోర్సు అయ్యేదాకా బాటరీలు నిలబడితే చూద్దామన్నాడు. న్యాయమే.

ఇంటికొచ్చాక రవళి వాళ్ల నాన్నతో బాల్కనీలో చాలాసేపు మాట్లాడింది. నేను వంటింట్లో ఉన్నాను. కుక్కర్ కూతల్లో ముక్కలే వినబడ్డాయి. ఆర్డరు వెనక్కొస్తేనే కదా నాన్నా అన్నాను, రాలేదుగా, అంటోంది. ఒక్క కోర్సు కాలం, అంతే, తరవాత మళ్లీ మాట్లాడుకుందాం, అన్నాడు వాడు. లోపలికొచ్చి నాతో, నువ్వు గెలిచావులే అమ్మా, అన్నాడు. నేనేం చేశాను, అన్నాను. అదే, నువ్వేం చేస్తావు, అని పెరుగన్నం తిన్నాడు.


నవంబరు 7. సోమవారం. ఉదయం.

ఇకమీదట జరగవలసినవి:

1. బేగంపేట కంపెనీకి రవళి స్వయంగా వెళ్లి, రానని మర్యాదగా చెప్పాలి. ఫోన్ చాలదు.

2. బటన్ దగ్గర ఆ రెండు చుక్కల మీదా వార్నిష్ పూయాలి. చెమ్మ బొట్టు వల్లే రానక్కర్లేదు, పిల్లల చేతి చెమట చాలు.

3. తేమ పరీక్షకి షెడ్డులోనే ఒక పెట్టె చేసుకోవాలి. మా బాత్‌రూమ్ ఇవ్వను.

4. ప్రతి మీటరుకీ లోపలి మూత బొట్టు పోచమ్మే పెడుతుంది. అనుదీప్ పెట్టకూడదు.

5. రామ్మోహనరావు బాంక్‌లో ఎవరైనా అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే, మీటర్లు చేస్తోందని గట్టిగా చెప్పడం నేర్చుకోవాలి.

6. తొమ్మిదిన్నర అయింది. పిల్ల ఇంకా నిద్రపోతోంది. ఎవరూ లేపకూడదు. నేనూ.