గాబ్రియేలు చేతికియ్యని పెట్టె

మెదక్,
సర్వధారి సంవత్సరం, కార్తీక బహుళం.

షోలాపురంలో ఉన్న మా ఇంటాయనకు, మెదక్ నుంచి బాలనర్సమ్మ నమస్కరించి రాసేది.

ఇక్కడ అత్తమ్మ, నేను ఒంట్లో బాగున్నాము. రేగోడ్‌లో మన బిడ్డ రాజమణి, అల్లుడు కూడా బాగున్నారని సంతకు వచ్చినవాళ్లు చెప్పినారు. మీరు అక్కడ వేళకు తింటున్నారని తలుస్తాను.

పక్కింటి మేస్త్రి గాబ్రియేలు ఈ కాగితం ఇచ్చినప్పుడు మీరు మొదట అతని వెనుక పనిముట్ల పెట్టె కోసం చూసి ఉంటారు. అతన్ని ఏమీ అనకండి. పెట్టె ఎందుకు రాలేదో రాస్తాను. కాని మీ ఉత్తరంలో అడిగినవి కొన్ని ఉన్నాయి. వాటికి జవాబు చెప్పకుండా నా మాట ముందు పెట్టడం నాకు చాతకాదు. కోపం వచ్చినా సరే, వరుసగా చదవండి.

అత్తమ్మ కండ్ల సంగతి అడిగినారు. కుడి కన్ను పోయినట్టే. ఎడమ కంటికి మనిషి అడ్డం వస్తే నీడ తెలుస్తుంది. మిషన్ దవాఖానకు తీసుకపోతానంటే, నేను చూడవలసిన కొడుకే ఊర్లో లేనప్పుడు కండ్లెందుకు అంటుంది. అది మీ మీద కోపం కాదు. దవాఖాన మందు వాసనంటే భయం. ఆ మాట మాత్రం ఒప్పుకోదు.

మీ కోసం ఎవరైనా వెతుకుతున్నారా అని రాసినారు. వెతికినవాళ్లే ఇప్పుడు ఊర్లో లేరు. మిలట్రీ లారీలు వచ్చిన వారంలోనే ఆ కవాతులు, ఆ కేకలు మాయమైనాయి. మీ బూరుగు కర్రల కథ బజార్లో బాహాటంగా చెప్పుకుంటున్నారు. రజాకార్లు బల్లేలకు కర్రలు చెక్కమంటే మీరు వేప అని చెప్పి మెత్తటి బూరుగు కట్టె చెక్కి నూనె పూసి ఇచ్చినారని, కవాతులో నేలకు ఆనించగానే ఒకటి నడిమికి విరిగిందని, ఇది బల్లెమా మునగకాయనా అని వాళ్లవాడే అన్నాడని చెప్పి నవ్వుతారు. ఆ సాయంత్రం మీరు వెనుక గోడ దూకి పోయినప్పుడు ఒక్కరికీ నవ్వు రాలేదు. ఇప్పుడు నేను కూరగాయలకు పోతే, మునగకాయ భూమయ్య ఇంటామె వచ్చింది, జర జరగండ్రి అని చోటిస్తారు. ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ మీకు భయం ఏదీ మిగల్లేదని తెలియాలని.

పనిముట్లకు తుప్పు పట్టిందా అని అడిగినారు. లేదు. రంపానికి ఆముదం రాసి మీ పాత ధోతి గుడ్డ చుట్టి పెట్టినాను. రందా అలుగును సానరాయి మీద నూరి మళ్లీ బిగించినాను, పలకను చిత్రిక పడితే చెక్క ఉల్లిపొర లాగా లేస్తుంది. బెజ్జాలు వేసే బర్మా తాడు ఎలుక కొరికింది, కొత్తది పేనినాను. మూలమట్టం మీరు తగిలించిన మేకుకే ఉంది. ఉలులన్నీ ఉన్నాయి. వెడల్పు ఉలికి మాత్రం అంచు ఒకచోట విరిగింది. అది ఎట్లా విరిగిందో వస్తుంది.

దసరాకు అన్నింటిని తుడిచి, బొట్లు పెట్టి, పీట మీద పెట్టినాము. కొబ్బరికాయ కొట్టడానికి ఇంట్లో మగమనిషి లేడు. పక్కింటి గాబ్రియేలును పిలిస్తే ఏమవుతుందని అత్తమ్మ చాలాసేపు ఆలోచించింది. క్రిస్తానమతను కొడితే మన పనిముట్లు పట్టించుకుంటాయా, ఊరుకుంటాయా అని నన్నే అడిగింది. చివరకు తానే తడుముకుంటూ వచ్చి కొట్టింది. కాయ వంకరగా పగిలింది. మీరు ఉంటే నడిమికి పగిలేదని పండుగంతా అదే అన్నది.

మీరు ఉన్నప్పుడు వాకిట్లో చెక్కపేళ్లు ఊడ్చలేక విసుక్కునేదాన్ని. అన్నంలో కూడా పొట్టు పడుతుందని ఎన్నిసార్లు అన్నానో మీకు తెలుసు. మీరు పోయినంక పొద్దున ఊడ్చితే దుమ్ము తప్ప ఏమీ వచ్చేది కాదు. పొయ్యి రాజేయడానికి చెక్కపేళ్లు లేక గాబ్రియేలు ఇంటికి నిప్పుకు పోయేదాన్ని. సాయంత్రం అత్తమ్మకు గంజి పోసి, గిన్నె కడిగి బోర్లించినంక, ఇంట్లో ఇక చప్పుడు చేసేది ఏదీ ఉండదు. అత్తమ్మ, నేను ఒకరి మాటలు ఒకరం ఎప్పుడో వినేసినాము.

ఇక పెట్టె సంగతి.

ఆషాఢంలో అత్తమ్మ మంచం కోడు విరిగింది. ఊర్లో వడ్రంగం చేసే మిగతా వడ్లవాళ్లు ఎవరి పల్లెలకు వాళ్లు పోయినారు. రాళ్లు పేర్చి మంచం నిలబెడితే అత్తమ్మ రెండుసార్లు జారి పడింది. మన ఇండ్లలో ఆడవాళ్లు పనిముట్లను తుడవచ్చు, బొట్టు పెట్టవచ్చు, పట్టి పని చేయకూడదు. అది నాకు తెలియదా? అయినా ఒక మధ్యాహ్నం కట్టె చెక్కే బాడిశ తీసుకొని వాకిట్లో కూర్చున్నాను. మీరు కూర్చున్నట్టే, ఎడమ కాలి కింద కట్టె తొక్కిపట్టి, నాలుగు దెబ్బలు వేసినాను.

లోపలినుంచి అత్తమ్మ పరుగున వచ్చింది. ఆమె పరుగెత్తడం ఈ మధ్య ఎప్పుడూ చూడలేదు. గోడ పట్టుకొని, ముఖం వాకిటివైపు పెట్టి అడిగింది.

"భూమయ్యా, వచ్చినవా బిడ్డా?"

నేను బాడిశ కింద పెట్టినాను. చప్పుడు ఆగేసరికి ఆమెకు అర్థమైంది. అక్కడే గడపమీద కూలబడింది. తర్వాత తిట్టింది. ఆడిదానివి బాడిశ పడితే ఇల్లు నిలుస్తదా అన్నది, నా అమ్మగారి ఇంటిదాకా పోయి తిట్టింది. నేను కోడు చెక్కి, బెజ్జంలో దిగగొట్టి, నులక బిగించి మంచం వేసినాను. ఆమె పండుకొని అటూ ఇటూ కదిలి చూసి, కోడును చేత్తో తడిమింది. మరునాడు నేను ఇంకో కోడు మొదలుపెడితే, లోపలినుంచే, దెబ్బ పైపైన పడుతుంది, కట్టెను గీరుతున్నవు, చెక్కుతలేవు అన్నది. మామ దగ్గర, మీ దగ్గర ఇన్నేండ్లు విన్న చెవులు. అప్పటినుంచి ఆమె లోపల కూర్చొని తప్పులు పడుతుంది, నేను బయట కూర్చొని చేస్తున్నాను.

కవ్వాలు, తెడ్లు, రొట్టెపీటలు చేసినాను. చర్చి కాంపౌండువాళ్లు, అంగట్లోవాళ్లు కొనుక్కున్నారు. ఎవరు చేసినారని అడిగితే మా ఇంట్లో చేసినారంటాను. అందరికీ తెలుసు, ఎవరూ రెండోమాట అడగరు. మీరు పంపిన పైకానికి ఇది కలిపి ఇల్లు నడుపుతున్నాను, అప్పు లేదు. ఇన్ని ఉత్తరాల్లో ఈ ముక్క రాయలేదు. రాస్తే మీరు ఆపమంటారు. ఆపితే మళ్లీ ఆ సాయంత్రాలే.

దసరా పోయినంక కౌడిపల్లినుంచి ఐలమ్మ అనే ఆమె వచ్చింది. మీకు తెలియదు. వానాకాలం గడబిడలో ఆమె మగడిని చంపినారు, ఇల్లు కాల్చినారు. ఎదిగిన ఆడపిల్లతో అదే గోడల మధ్య ఉంటుంది. కాలిన దూలం ఒకటి బండిమీద వేసుకొని వచ్చి మన వాకిట్లో దించింది. దానితో తలుపు చేసి ఇమ్మన్నది. నాకు తలుపు చేయడం రాదు, మా ఇంటాయన వచ్చినంక రమ్మని చెప్పినాను.

"ఎప్పుడొస్తడక్కా?" అన్నది.

నేను దూలం మీది మసిని గోటితో గీరినాను. ఆమే మళ్లీ అన్నది:

"నాకు నగిషీ అక్కరలేదు. గోనెపట్ట కట్టుకొని, దాని ఎనుక పిల్లను పండవెట్టి నేను కూసుంటున్న. లోపట్నుంచి గొళ్ళెం పడితె చాలు."

కోతవాళ్లతో దూలాన్ని పలకలు కోయించినాను. పైన అంతా బొగ్గే, కాని బాడిశతో మసి చెక్కిపారేస్తే లోపల టేకు పసుపుపచ్చగా, గట్టిగా ఉంది. లోపల పాత మేకు ఒకటి కనబడక వెడల్పు ఉలి దానికి తగిలింది. అదీ ఉలి సంగతి. ఐలమ్మ తల్లీబిడ్డలు వచ్చి పలకలు పట్టుకునేవాళ్లు, నేను చిత్రిక పట్టేదాన్ని. తలుపుకు ఒక రెక్క అయింది. రెండోది సగం అయినప్పుడు మీ ఉత్తరం వచ్చింది. అక్కడ పని స్థిరపడిందని, ఇంకొకరి పనిముట్లతో చేయి ఆడడం లేదని, గాబ్రియేలు తన తమ్ముడి దగ్గరికి షోలాపురం వస్తున్నాడు కనుక పెట్టె అతనితో పంపమని.

పంపాలనే అనుకున్నాను. ఇది నమ్మండి. నిన్న పొద్దున అన్నీ సర్ది, పెట్టెకు తాడు బిగించి పెట్టినాను. గాబ్రియేలు వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. అదే వేళకు ఐలమ్మ వచ్చింది. తాడు కట్టిన పెట్టెను చూసింది. కొంగు నడుముకు చెక్కి, సగం చేసిన పలకలను ఒకటిమీద ఒకటి పేర్చుకొని నెత్తికి ఎత్తుకోబోయింది. ఆమె ఒక్క ఏడుపుమాట అన్నా నేను ఓర్చుకునేదాన్నేమో.

నేను పోయి తాడు విప్పినాను.

"వదినా, నేను భూమన్నకు ఏం చెప్పాలె?" అని గాబ్రియేలు అడిగినాడు.

"నువ్వేం చెప్పకు. కాగితం రాసిస్తా, గదే ఇయ్యి."

"అన్న నన్ను గోడలో పెట్టి తాపీ చేస్తడు."

"నువ్వే మేస్త్రివి. సందు ఉంచుకొని కట్టించుకో" అన్నాను. నవ్వి, ప్రయాణం ఒక రోజు ఆపుకున్నాడు. మంచివాడు. తలుపు పూర్తికాలేదు కనుక పంపలేదని చెప్తాను వదినా, అన్న ఒప్పుకుంటడు అని ధైర్యం చెప్పి పోయినాడు.

అతను చెప్పేది సగమే నిజం. మిగతా సగం నేనే చెప్పాలి. ఐలమ్మ రాకముందే ఆ తాడును రెండుసార్లు విప్పి మళ్లీ కట్టినాను. వడ్లాయన పనిమీద ఎంత దూరం పోయినా, పెట్టె ఇంట్లో ఉందంటే తిరిగి వస్తాడనే అర్థం. పెట్టె కూడా పోతే ఆ మనిషి అక్కడి మనిషే. మీ ఉత్తరంలో పెట్టె తెప్పించుకునే మాట ఉంది. మీరు వచ్చే మాట లేదు, నన్ను, అత్తమ్మను రమ్మనే మాట కూడా లేదు. మరిచిపోయినారా, కావాలనే రాయలేదా అని ఉత్తరాన్ని తిప్పి వెనుక కూడా చూసినాను.

ఇంకొకటి ఉంది. ఇది చదివి ఏమన్నా పడతాను. బాడిశ కామ, ఆ చేతిపిడిని, కోసినాను. మామ చేతినుంచి మీ చేతికి వచ్చి, ఇద్దరి వేళ్లకు నొక్కులు పడిన ఆ కామనే. నా చేతికి పొడుగై దెబ్బ నిలిచేది కాదు. కొత్త కామ చెక్కుకోవచ్చు కదా అని మీరంటారు. కామ చెక్కాలంటే బాడిశే కావాలి. రంపంతో జానెడు కోసినాను. కోస్తుంటే అత్తమ్మ విన్నది. ఏం కోస్తున్నావని అడిగింది. చెప్పినాను. ఆ రోజు నా చేతి అన్నం తినలేదు. మరునాడు ఆ కోసిన ముక్కను అడిగి తీసుకొని తన తలగడ కింద పెట్టుకున్నది. దెబ్బ ఇప్పుడు కుదురుగా పడుతుందని మాత్రం అన్నది.

కాబట్టి నా మాట ఇది. తలుపు కాగానే పెట్టె మీదే. మీరు వచ్చి తీసుకపోతే మేలు. రాలేనంటే, ఇక అక్కడే ఉంటానంటే, ఆ మాట చుట్టూ తిప్పకుండా రాయండి, ఏడ్చి అయినా అన్నీ కట్టి పంపుతాను. బాడిశ మాత్రం పంపను. అది ఇప్పుడు మీ చేతికి పనికిరాదు, నా చేతికి వస్తుంది. మమ్మల్ని రమ్మంటే అత్తమ్మను బండి ఎక్కించి వస్తాను. ఈ మూడింట్లో ఏదైనా నేను మోయగలను. ఏదీ చెప్పకపోతే మోయలేను.

చివరగా ఒక పని మాట. మీరు వాకిట్లో చేసిన పనంతా నేను చూసినదాన్నే. తలుపు ఎక్కించడం ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఆ పని మీరు అవతలి ఇండ్లలో చేసేవారు. రెక్క తిరగడానికి పైన ఒక బొడిపె, కింద ఒక బొడిపె వదిలినాను. వాకిట్లోనే నిలబెట్టిన దర్వాజ చట్రానికి పైనా కిందా గుంటలు తీసినాను. పైది దూర్చితే కిందిది పట్టడం లేదు, కిందిది కూర్చోబెడితే పైది తగులుతుంది. ముందు పైదా, కిందిదా? పై గుంట ఇంకా లోతు తీయాలా? ఇంకేమీ రాయబుద్ధి కాకపోతే ఇది ఒక్కటైనా రాయండి. ఐలమ్మ గోనెపట్ట వెనుక కూర్చొని ఉంది.

గాబ్రియేలుకు ఇది తెలుసు. ఇన్ని ఇండ్లు కట్టినవాడు. అరుగుమీద అంతసేపు కూర్చున్నాడు, ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. నేను అడగలేదు.

ఇట్లు,
మీ ఇంటిది,
బాలనర్సమ్మ