కరిగించని తాళిబొట్టు

నాయనా,

నువ్వు పోయాక ప్రొద్దుటూరులో మన ఇంటి ముందరి కొట్లో కుంపటి నేనే వెలిగిస్తున్నాను. మెడలో వేసుకున్న ఆడమనిషే వచ్చి తన చేత్తో ఇస్తే తప్ప తాళిబొట్టు కరిగించకూడదన్న నీ కట్టుబాటు నేనూ తప్పలేదు.

ఈమధ్య ఒకతను తాళిబొట్టు తెచ్చాడు. "మీ ఇంటామెను పిల్చుకొని రాప్పా" అన్నాను. సరేనని దాన్ని నా దగ్గరే పెట్టి పోయాడు. అతను మళ్ళీ రాలేదు, పోలీసులొచ్చారు. అది జమ్మలమడుగులో ఒకామె మెడలోంచి తెంపుకొచ్చినదట.

నిన్న స్టేషన్లో ఎస్సై అడిగాడు, "దొంగ సొమ్మని తెలిసే దాచిపెట్టినావా?" మన కట్టుబాటు చెప్పాను. రాసుకున్నాడు గానీ నమ్మినట్టు లేదు. కేసు పెట్టేదీ లేనిదీ ఫోన్ చేసి చెప్తామని, ఊరు దాటొద్దని పంపించాడు.

పొద్దుటినుంచీ ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ అన్నం ముట్టలేదు. "ఆ పొద్దే కరిగిచ్చింటే ఈ పీడ ఉండేదే కాదు గదరా" అంది.

ఇందాక రాజుపాలెం నుంచి ఒకాయన వచ్చి, కాగితంలో చుట్టిన తాళిబొట్టు నా ముందు పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీ ఇంటామెను పిల్చుకొని రాప్పా" అంది.