ట్రెబుల్ ఏడు, బేస్ నాలుగు

జూన్ 3
డ్యూటీకి బయల్దేరుతూ చూశాను. అమ్మ మళ్ళీ అన్నయ్య గిటార్ ఆంప్ తుడుస్తోంది. మొదట ముందువైపు జాలీ గుడ్డ, తర్వాత పైన తోలు పిడి, చివర్న నాబ్‌ల చుట్టూ చూపుడువేలితో. నాబ్‌లని మాత్రం ముట్టుకోదు. వాటి పక్కన అన్నయ్య తెల్ల టేపు ముక్కలు అంటించాడు – ట్రెబుల్ ఏడు, బేస్ నాలుగు, మిడ్ ఆరు. పదకొండు రోజులు డెంగూతో ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఏడాది దాటింది. టేపు అలాగే ఉంది.
"కదపకే. వాడెట్టినట్టే ఉండనీ."
కదపలేదు.

జూన్ 5
సంత్రాగాఛి రైల్వే యార్డు ఆఫీసు. ఫోన్ ఎత్తితే ఇవాళ కూడా – "ప్రకాష్‌బాబు ఉన్నారా?" లేరు, ఆయన చెల్లెల్ని, ఆ సీట్లో ఇప్పుడు నేనే. అతను పోయాక రైల్వేవాళ్ళు నాకిచ్చిన అన్నయ్య ఉద్యోగం, అన్నయ్య క్వార్టర్సు, అన్నయ్య కుర్చీ... కుర్చీ మీద మెత్త కూడా అతనిదే. కాలింపాంగ్ స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్పేదాన్ని. అమ్మ ఒక్కతే అయిపోతుందని వచ్చేశాను. ఎవరూ రమ్మనలేదు. నేనే.

జూన్ 8
తపన్‌దా వచ్చాడు. అన్నయ్య బ్యాండులో పాడే మనిషి, పదేళ్ళ స్నేహం. ఇరవై ఎనిమిదిన గరియాహాట్ దగ్గర హాల్లో అన్నయ్య జ్ఞాపకార్థం ప్రోగ్రాం. గిటార్ నేను వాయించాలి. "ప్రకాష్ నేర్పిందే కదా నీకు. అచ్చం వాడిలాగే, ఎస్తేర్. కళ్ళు మూసుకుంటే వాడే అనిపించాలి జనానికి."
నేను నోరు తెరిచేలోగా అమ్మ – "వాయిస్తాది."
టీ పెట్టడానికి లేచాను.

జూన్ 11
సాయంత్రం సాధన. ఆంప్ వెనకాల చిన్న స్విచ్ – పైకి వేస్తే స్టేజీకి సరిపడే చప్పుడు, కిందికి వేస్తే ఇంటికి. కిందికి వేశాను. పక్క క్వార్టర్సు టీవీ కంటే తక్కువ చప్పుడు. అయినా ఆ గొంతు ఆ గొంతే. లోపలి గాజు వాల్వులు వేడెక్కాక వచ్చే ఆ జీర... తీగని గట్టిగా మీటితే కసురుతుంది, మెల్లగా మీటితే గొణుగుతుంది. దీన్ని ఇంటికి తెచ్చిన రోజు అన్నయ్య అన్నం కూడా దీని ముందే కూచుని తిన్నాడు.
వంటింట్లోంచి అమ్మ – "అలగ కాదే. అక్కడ వాడు తీగ ఒంచీవోడు కాదు."
నిజమే. స్వరం జారేలా తీగని వంచేవాడు కాదు. అమ్మ ఒక్క స్వరం కూడా మర్చిపోలేదు. అదే నా కష్టం.

జూన్ 14
ఆదివారం. అమ్మ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. నా పాట వాయించాను, నేను కట్టుకున్నది. ఆ ట్రెబుల్ నా పాటకి మరీ పదును. చెయ్యి నాబ్ దాకా వెళ్ళింది... తిరిగి వచ్చేసింది.
ఇరవై ఎనిమిదేళ్ళదాన్ని.

జూన్ 17
ఆగిపోయింది. పాట మధ్యలో ఒక వాల్వు నీలంగా మెరిసి, టప్పుమంది. అంతే. కాలిన వాసన. అమ్మ తడి చేతులతోనే వచ్చి నేలమీద కూలబడింది.
"వాడి గొంతు కూడా..." అంది.

జూన్ 20
సెలవు పెట్టాను. ఆంప్‌ని దుప్పట్లో చుట్టి, టాక్సీలో మెటియాబ్రుజ్ పేటకి వెళ్ళాను. సందు నిండా దర్జీల మిషన్లు, మధ్యలో రఫీక్ చాచా రిపేరు కొట్టు. కొత్త వాల్వు వేశాడు. పరీక్ష చెయ్యడానికి నాబ్‌లన్నీ సున్నాకి తిప్పాడు. టేపుని మురికనుకుని గోటితో గీకేశాడు. ఒకటి. రెండు. మూడోదాని దగ్గర ఆగి నావైపు చూశాడు. "ఉంచమంటావా బేటీ?"
ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. అడ్డంగా తలూపాను.
వాయించి చూడమన్నాడు. ట్రెబుల్ సగానికి తగ్గించి, వెనక స్విచ్ పైకి వేసి – నా పాట. కొట్టు రేకులు అదిరాయి. ఎదురుగా దర్జీ మిషన్ ఆపి చూశాడు.
"ఎవరి పాట ఇది?"
"నాదే."
అనేశాక వెనక్కి తిరిగి చూసుకున్నాను, అమ్మ గాని ఉందేమోనని.

జూన్ 21
కళ్ళజోడు పెట్టుకుని చూసింది అమ్మ. "టేపేదే?"
"నంబర్లు నాకు తెలుసమ్మా." పెట్టాను. ఏడు, నాలుగు, ఆరు. వాయించాను.
"ఇది కాదు."
కొత్త వాల్వు. అవే అంకెలు, వేరే గొంతు. ట్రెబుల్ ఆరున్నర చేశాను. ఎనిమిది చేశాను. ప్రతిసారీ కాదంది. ఆఖరికి అడిగింది – "ఆ రిపేరాయన పీకేస్తుంటే నువ్వేటి చేస్తన్నావు?"
అబద్ధం నోటిదాకా వచ్చింది.
"ఉంచమంటావా అని అడిగాడు. ఒద్దన్నాను."

జూన్ 22
మాటల్లేవు. బల్ల మీద కంచం, దానిమీద మూత.

జూన్ 25
ఇంకా లేవు. ఆఫీసునుంచి వచ్చేసరికి ఆంప్ మీద దుప్పటి కప్పేసి ఉంది. తీసి వాయించాను. అమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.
తపన్‌దాకి ఫోన్ చేశాను – ఒక్క పాట నాది పెట్టవా? "ఎస్తేర్, ఆ రోజు వాడిది. ఇంకోసారి చూద్దాం." న్యాయమే. అందరివీ న్యాయమైన మాటలే. కోపం ఎవరిమీద తెచ్చుకోను...

జూన్ 28
అమ్మ వస్తుందనుకోలేదు. ముందు వరుసలో, బూడిదరంగు చీర. అయిదు పాటలూ అన్నయ్యలాగే వాయించాను. వంచకూడని చోట ఒక్క తీగా వంచలేదు. జనం లేచి నిలబడి ప్రకాష్, ప్రకాష్ అన్నారు. ఆ పేరుకి నేను వంగి నమస్కారం పెట్టాను. సంతోషం కూడా వేసింది – అది రాయకపోతే అబద్ధం.
తిరిగొస్తూ టాక్సీ వంతెన ఎక్కాక, వారం తర్వాత, అమ్మ నా ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ కొసలు తడిమింది. తీగలు నొక్కి నొక్కి కాయలు కాశాయి.
"వాడి చేతుల్లాగే అయిపోనాయి."
ఎంత ప్రేమగా అందో.
చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు. ఇల్లు చేరేదాకా అలాగే.

జూన్ 30
తపన్‌దా మెసేజ్. ఆగస్టులో ఇంకో మూడు షోలు. అమ్మ నిన్ననే సరేనందట. పోస్టర్ మీద 'ప్రకాష్ చెల్లెలు' అని వేస్తే జనం గుర్తుపడతారు, వెయ్యమంటావా అని అడిగాడు.
'ఎస్తేర్' అని టైపు చేశాను. చెరిపాను. మళ్ళీ చేశాను. పంపలేదు.
అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.
"ఏటి రాశావే?"