అమ్మకన్నా పెద్దవైన నా రక్తనాళాలు

అవ్వా,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది. నీ సంవత్సరీకం కూడా చేసేశాం. వడలు బాగా కుదిరాయి. పాయసంలోనే చక్కెర తక్కువైంది, నీ కొడుకే దగ్గర నిలబడి మరీ తక్కువ వేయించాడు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టు. బతికున్నప్పుడు నన్ను ఒక్క మాటైనా పూర్తిగా చెప్పనిచ్చావా?

ముందు అసలు సంగతి. నీకు వచ్చింది గ్యాసు కాదట.

గుండెకు రక్తం తీసుకుపోయే నాళాలు ఎన్నో ఏళ్లుగా లోపల్లోపలే గట్టిపడి సన్నబడిపోయాయట. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి దిగివచ్చి నువ్వు ఆయాసపడితే ఎండ దెబ్బ అనుకున్నాం. దవడ లాగుతోందంటే పన్ను అనుకున్నాం. నువ్వే పట్టుబట్టి పంటి డాక్టరు దగ్గరికి పోయి పీకించుకున్నావు. మంచి పన్ను పోయింది, నొప్పి మాత్రం పోలేదు. గుండె డాక్టరుకు చూపిద్దామని నేనంటే ఏమన్నావో గుర్తుందా?

"ఆడదానికి గుండెనొప్పి యాడిదే? అంతా గ్యాసే."

నువ్వు అన్నాక ఇంట్లో కాదనేవాళ్లెవరు? ముందే చూపించి ఉంటే తెలిసేదని నువ్వు పోయాక గుండె డాక్టరు చెప్పాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు అవ్వా...

అదే మాట నీ కొడుకు చెవిలో వేరేగా పడింది. తల్లికి ఉంటే కొడుక్కి వస్తుందని మన నాపబండల అంగడికి వచ్చేవాళ్లంతా మామకు నూరిపోశారు. అవును, ఇంకా మామా అనే పిలుస్తున్నాను. పెళ్లై ఇరవై ఏళ్లైనా అమ్మ తమ్ముడు మామ కాకుండా పోతాడా?

ఇక చూడు ఆయన వేషాలు. తెల్లారకముందే బూట్లు కట్టుకుని నడక. పచ్చి వెల్లుల్లి నమిలి ఇంట్లో అందరితో మాట్లాడటం. ఆదివారం పొట్టేలు మాంసం తనే తెచ్చి, నేను వండి దించాక, వాసన చూసి, వద్దులే అని లేచిపోవడం. ఉగ్గాని తింటాడు, బజ్జీలు పక్కకు నెడతాడు. పూర్ణం ఓళిగ మీద నెయ్యి వేస్తే నేనేదో విషం పెట్టినట్టు చూస్తాడు.

మరి అవన్నీ ఏం చేయాలి? "పారేసేదానికంటే పొట్టలో ఏసుకునేది మేలు" అని నేర్పింది నువ్వే కదా. ఆయన మానేసినవన్నీ నేనే తిన్నాను. ఆయన నాలుగు కిలోలు తగ్గాడు. ఆ నాలుగూ ఎటు పోయాయో నా జాకెట్లు కుట్టే ఆమెను అడిగితే చెబుతుంది.

ఈ మధ్య కల్యాణ మండపంలో ఉచిత గుండె శిబిరం పెట్టారు. మామ తలంటుకుని, విభూది పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే ఉపవాసం ఉండి బయలుదేరాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని వెనకాల. అక్కడ రెండు చేతులకూ రెండు కాళ్లకూ బీపీ పట్టీలు చుట్టి, రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో కొలుస్తారు. ఆ తర్వాత కంప్యూటరు మన రక్తనాళాల వయసెంతో చెబుతుంది. నీ కొడుక్కి నలభై ఆరు కదా? నలభై ఒకటి అని వచ్చింది. ఇక పట్టగలమా... అక్కడి నుంచే అంగడికి ఫోను, ఓర్వకల్లులో మా అమ్మకు ఫోను, చివరికి గ్యాసు బండ తెచ్చే అబ్బాయికి కూడా ఫోను.

పట్టీలు విప్పుతున్న నర్సమ్మ నన్ను కూడా పడుకోమంది. మామ అడ్డం వచ్చాడు. దీనికెందుకు, బయటి నుంచి మా ఇంటికి వచ్చిన పిల్ల అన్నాడు. నిజం అవ్వా, సొంత అక్క కూతుర్ని పట్టుకుని బయటి పిల్ల అన్నాడు. నాకు ఒళ్లు మండి చెప్పులు విప్పి పడుకున్నాను.

డాక్టరు ఉత్తరాది కుర్రాడు, తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని నన్ను అడిగితే మామే జవాబు చెప్పాడు, వాళ్ల తట్టు ఎవరికీ లేదని. తన తల్లికి ఉంది గానీ ఆమె దీనికి అత్త అవుతుందని కూడా చెప్పాడు. అత్తగారిది లెక్కలోకి రాదని డాక్టరు వదిలేయబోయాడు. అప్పుడు పడుకున్నచోటి నుంచే అన్నాను.

"సార్, వాళ్లమ్మ మా అమ్మకు గూడా అమ్మే."

పాపం ఆ పిల్లవాడు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో! వరుసలో ఉన్న సాయిబు ఒకాయన హిందీలో విడమరిచి చెప్పేదాకా తేరుకోలేదు. నువ్వు చూసి ఉంటే పడీ పడీ నవ్వేదానివి.

తర్వాత నా లెక్క వచ్చింది. నాకు నలభై. నా రక్తనాళాలకు యాభై ఎనిమిది. మా అమ్మకు యాభై ఏడు అవ్వా... కన్నతల్లికన్నా నా రక్తనాళాలు ఏడాది పెద్దవి!

మామ ముఖం చూడాలి నువ్వు. ఫోను తీసి జేబులో పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత స్కానింగు తీశారు. నాళాల్లో గట్టిపడటం మొదలైంది గానీ ఏదీ మూసుకుపోలేదట. తొందరగా దొరికిపోయావమ్మా అన్నాడు డాక్టరు, దొంగను పట్టుకున్నంత సంబరంగా. రాత్రిపూట ఒక మాత్ర, రోజూ నడక. ఇప్పుడు తెల్లారకముందే మామ ముందు, నేను వెనక. వీధి కుక్కలు కూడా మాకు అలవాటు పడ్డాయి.

కానీ నాకు నిద్ర పట్టలేదు. నీ రక్తం నా దాకా నేరుగా రాలేదు కదా... మధ్యలో ఒక మనిషి ఉంది. నువ్వు పోయినప్పటి నుంచి అందరం నీ కొడుకు గుండె మీదే కాపలా కాశాం. నీ కూతురి గుండె సంగతి ఎవరికైనా తట్టిందా?

అమ్మకు ఫోను చేశాను. బిందె ఎత్తితే ఎడమ భుజం లాగుతోందట. కాసేపు కూర్చుంటే పోతుందట. గ్యాసే అంది. అచ్చం నీ గొంతు అవ్వా.

చూపించుకోవడానికి రమ్మంటే అమ్మ వస్తుందా? అందుకే అబద్ధం ఆడాను. నీ తమ్ముడికి ఒంట్లో బాగాలేదని అమ్మకు చెప్పాను. మధ్యాహ్నం బస్సుకే దిగింది, తమ్ముడి కోసం సంచి నిండా చెనిక్కాయలు మోసుకుని. ఆ సంచితోనే ఆసుపత్రికి తీసుకుపోయాం. బాగాలేనిది తనకని తెలిశాక నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ నువ్వు నేర్పినవే.

ఒక నాళం చాలావరకు మూసుకుపోయి ఉంది అవ్వా. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే నీకైనట్టే అయ్యేదట.

నిన్న స్టెంటు వేశారు. బాగుంది. బయటికి తీసుకువస్తుంటేనే తమ్ముడు అన్నం తిన్నాడా అని అడిగింది. నీ కొడుకు గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను దగ్గరికి పోతే అన్నాడు.

"అమ్మ పాయ. అక్కను గూడా పోగొట్టుకుంటాంటిమి గదే."

నాకూ ఏడుపు ఆగలేదు. నిన్ను కూడా ఇలాగే అబద్ధమాడి లాక్కుపోయి ఉంటే ఎంత బాగుండేది... నువ్వు తిడితే తిట్టేదానివి.

అవ్వా, నువ్వంటే ప్రేమ లేక కాదు. కానీ ఒక మాట ఇప్పుడే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. నీ కూతుర్ని ఇప్పట్లో నీ దగ్గరికి పంపేది లేదు. నేను కూడా రాను. మా కోసం ఎదురుచూడొద్దు. అక్కడ పొద్దుపోకపోతే తాత ఉన్నాడుగా, ఆయనతో పోట్లాడుతూ ఉండు.

ఇట్లు,
నీ కూతురి కూతురు, నీ కొడుకు పెళ్లాం,
సుజాత