భర్త పేరు

తాండూరు,
14 నవంబర్ 2025, శుక్రవారం.

పరమేశ్‌కు మీ బావ దీవెనలు.

నువ్వూ, చెల్లెలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం అలవాటు. మీ అక్క పోయింది. దినాలు అయ్యాక మా అమ్మాయి కరుణ అత్తవారింటికి వెళ్లింది. ఇక మేమంతా అంటే నేనే.

ఫోన్లో నీతో మాట్లాడితే గొంతు లేస్తున్నది. మొన్న నువ్వే పెట్టేశావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వన్న మాట మళ్లీ రాస్తున్నాను, నువ్వే ఒకసారి చదువుకో. "పోయిన అక్క ఎట్లైనా రాదు బావా. గా కానిస్టేబుల్ విజయ్‌కుమార్ కొత్తగ డ్యూటీల జేరిండు. ఎస్పీ సారుకిచ్చిన కంప్లైంట్ జర వాపస్ తీస్కో. ఆదివారం పంపిస్త, నీ కాళ్లు మొక్కుతడు" అన్నావు. హెడ్ కానిస్టేబుల్‌గా అన్నావా, సుమిత్ర తమ్ముడిగా అన్నావా? నాకింకా తెలియలేదు.

నీకు జరిగింది ముక్కలుగా తెలుసు. వరుసగా రాస్తాను. స్టేషన్ల పేర్లు రాయను.

మీ అక్క జబ్బు సంగతి నీకు తెలుసు. తిన్నదీ తిననిదీ గుర్తుండేది కాదు. మెడలో నా ఫోన్ నంబరు రాసిన బిళ్ల కడితే, "గొర్రెకు గట్టినట్టు గట్టినవేంది" అని తిట్టి విప్పేసేది. గొర్రెల మందలో పెరిగిన మనిషి, ఆ పోలిక మాత్రం మరిచిపోలేదు. నిరుడు డాక్టర్ మీ ఆయన పేరేమిటని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మరిచిపోయిందని ఆయన రాసుకున్నాడు. మరిచిపోతే కదా! పెళ్లయిన నాటి నుంచి నా పేరు ఎన్నడు పలికింది కనుక? జనాభా లెక్కలవాళ్లు వస్తే కరుణను పిలిచి చెప్పించేది.

ఆ పొద్దున నేను పాలకు వెళ్లి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. వీధులన్నీ తిరిగి స్టేషన్‌కు పోయాను. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటర్ తల ఎత్తకుండానే, ఇంట్లో లొల్లి ఏమైనా అయిందా, కోడలితో కొట్లాడిందా అని అడిగాడు. మాకు కోడలే లేదన్నాను. జబ్బు గురించి చెప్పాను. "ముసలామె యాడికి వోతది సార్, సుట్టాల ఇండ్లల్ల సూడుండ్రి. రేపటిదాంక రాకుంటే రాండ్రి" అన్నాడు. మతి నిలవని మనిషికి రేపటిదాకా గడువు.

బస్టాండులో పూలమ్మే ఆమె, సుమిత్ర వికారాబాద్ బస్సెక్కడం చూశానంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఎవరు ఎందుకు ఆపుతారు? తిరిగొచ్చి రైటర్‌కు చెబితే అతని ముఖం వెలిగింది. "దిగేది గాడ కాబట్టి గా స్టేషన్‌కే పోవాలె."

పోయాను. దారిలో ఒక కవరు తయారుచేసుకున్నాను. లోపల ఆమె ఫోటో. ఒక కాగితం మీద ఆమె పేరు, జబ్బు, భర్త పేరు మల్లేశ్వర్, నా ఫోన్ నంబరు. అక్కడ బల్ల దగ్గర ఉన్నది మీ విజయ్‌కుమారే. "ఇల్లిడిచింది మీ ఊర్ల గదా సార్, గాడ్నే రాయించుకోవాలె" అన్నాడు. ఫిర్యాదు ఎక్కడిచ్చినా ముందు రాసుకుని, తర్వాత ఆ స్టేషన్‌కు పంపాలి కదా అన్నాను. "సార్‌కు మస్తు రూల్స్ ఎర్కున్నయి" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను కవరు బల్ల మీదే ఉంచి వచ్చేశాను. విజయ్‌కుమార్ గేటు దాకా పరుగెత్తుకొచ్చి, "మర్శిపోయిండ్రు సార్" అని నా చేతిలో పెట్టాడు. చాలా మర్యాదగా.

మరునాడు నువ్వు ఫోన్ చేశాక మా ఊళ్లో రాసుకున్నారు. పోలీసు బామ్మర్ది లేనివాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ మర్నాడు మీ అక్క దొరికింది. తాళం వేసిన మీ కోట్‌పల్లి ఇంటి అరుగు మీద ఆమె చెప్పులు. ఆమె ప్రాజెక్టు నీళ్లలో. చిన్నప్పుడు మీరిద్దరూ గొర్రెలకు నీళ్లు తాపిన వైపే.

వికారాబాద్‌లో దిగిన మనిషి కోట్‌పల్లి దాకా ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. నడిచి పోయి ఉంటుందని రిపోర్టులో రాశారు.

విజయ్‌కుమార్‌ను రానీ. వింటాను. క్షమించదగ్గ మాట ఒక్కటి అతని నోట వస్తే కంప్లైంట్ వెనక్కి తీసుకుంటాను. మీ అక్క మీద ఒట్టు. అప్పటిదాకా ఈ ఉత్తరం అంటించను.

ఇట్లు,
మీ బావ
మల్లేశ్వర్

తా.క.: ఆదివారం సాయంత్రం రాస్తున్నాను. విజయ్‌కుమార్ వచ్చి వెళ్లాడు. పండ్లు తెచ్చాడు, కాళ్లు మొక్కాడు. చిన్నవాడు, కుర్చీ చూపినా కూర్చోలేదు. నా మనసు మెత్తబడిన మాట నిజం. వాపసు కాగితం రాసి పెట్టుకున్నాను, సంతకమే తక్కువ.

అప్పుడు గోడ మీది ఫోటో చూసి, "అమ్మను నేను మంచిగనే సూసిన సార్" అన్నాడు. ఎప్పుడని అడిగాను.

నేను గేటు దాటిపోయిన కొంతసేపటికే ఒక ఆటో అతను మీ అక్కను ఆ స్టేషన్‌కు తెచ్చి దింపాడట. ఇల్లెక్కడంటే కోట్‌పల్లి అందట. "మీ ఆయన పేరేందమ్మా అంటే ఎంతకూ చెప్పలే సార్. కొత్త పెండ్లిపిల్ల లెక్క సిగ్గువడి కొంగు అడ్డం వెట్టుకున్నది. అందరం మస్తు నవ్వినం. చాయ్ తాపిచ్చి, నేనే కోట్‌పల్లి ఆటో ఎక్కిచ్చిన. మా స్టేషన్ పెద్దసారు ఎవ్వరికి చెప్పొద్దన్నడు. మీ మనసు కుదుటవడ్తదని చెప్తున్న" అన్నాడు.

ఫోటో తెచ్చి ఇచ్చాను కదా, చూడలేదా అన్నాను.

"కవరు ఇప్పలే సార్. మన కేసు గాదు గదా అనుకున్న."

పరమేశ్, ఆమె నడిచి పోలేదు. పోలీసులే పంపారు, తాళం వేసిన ఇంటికి. వాపసు కాగితం చింపేశాను. ఆ పెద్దసారును కూడా చేర్చి కొత్త ఫిర్యాదు రాశాను. రేపు ఎస్పీ ఆఫీసులో ఇస్తాను.

ఆమె పలకని పేరు ఆమె బదులు నేను రాసే ఇచ్చాను. వాళ్లు విప్పలేదు.

ఈ కవరు అంటిస్తున్నాను. నువ్వైనా విప్పి చదువు.